గిన్నె కింది పుట్టగొడుగులు

ఉస్మానియా క్యాంపస్, లేడీస్ హాస్టల్
28 జూన్ 1996

వదినా,

తార్నాకలో ఉన్న నీకు క్యాంపస్ నుంచి స్టాంపు అంటించి ఉత్తరం రాస్తున్నానంటే నాకు పిచ్చి పట్టిందనుకుంటావు. అన్నయ్యకు మాత్రం చూపించకు, ఆయన నిజంగానే అనుకుంటాడు. నడుచుకుంటూ వస్తే అరగంటలో మీ ఇంట్లో ఉంటాను. కానీ ఇప్పటి నుంచి వానలు తగ్గేదాకా నేను అక్కడికి రాకూడదు, నువ్వు ఇక్కడికి రాకూడదు, ఫోన్ కూడా చేసుకోకూడదు. మా వెంకటనర్సయ్య సార్ పెట్టిన షరతు ఇది.

సంగతేమిటంటే, ప్రతి ఏడూ మొదటి వానలు పడగానే, ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు ఖాళీ జాగాల్లో మొలిచిన పుట్టగొడుగులు తెంపుకుని వండుకుంటారు. ఊళ్లో పుట్ట మీద మొలిచేవి వేరు, ఇక్కడ గడ్డిలో మొలిచేవి వేరు. చూడటానికి మాత్రం అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. తిన్న పూటకే ఆసుపత్రి పాలవుతారు. వీటిని గుర్తుపట్టడం నేర్పే తెలుగు పుస్తకం ఎంత వెతికినా మాకు దొరకలేదు. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒకే ఒక రంగుల పుస్తకం ఇంగ్లండుది. అందులోవన్నీ చలిదేశపు అడవుల్లో మొలిచేవి, మన లాలాపేట్ మైదానంలో ఒక్కటీ కనిపించదు. అందుకని బడి పంతుళ్లకూ ఇళ్లల్లో వాళ్లకూ పోస్టులో పంపేలా ఆరు పాఠాలు రాయమని సార్ నాకు అప్పగించారు.

అచ్చుకు ఇచ్చే ముందు వాటిని ఒక మనిషి మీద పరీక్షించాలి. ఆ మనిషికి బాటనీ రాకూడదు. రాసినవాళ్లు పక్కన కూర్చుని చూపించకూడదు. కాగితం చదివితే ఎంత అర్థమైతే అంతే. నువ్వు హిందీ టీచరువి, పుట్టగొడుగు పేరు చెబితే ముక్కు మూసుకుంటావు. నీకంటే తగిన విద్యార్థి నాకు దొరకలేదు.

సెప్టెంబరులో కమిటీ కూర్చుంటుంది. నువ్వు పాసైతే పాఠాలు అచ్చవుతాయి, నా ఉద్యోగం ఇంకో రెండేళ్లు నిలుస్తుంది. నువ్వు ఫెయిలైతే ప్రాజెక్టు మూసేస్తారు, నేను పెట్టె సర్దుకుని మీ ముందు గదిలో దిగుతాను. పోయినేడు నీ ఫ్రిజ్‌లో నేను దాచిన పుట్టగొడుగుల కవర్లు, వాటి వాసన నీకు గుర్తుండే ఉంటాయి. కాబట్టి శ్రద్ధగా చదువు.

మొదటి రెండు పాఠాలు ఇందులో పెట్టాను. ఆదివారాలు రాలేనని అమ్మకు నువ్వే చెప్పు. నేను చెబితే ఏడుస్తుంది, నువ్వు చెబితే నిన్ను తిట్టి ఊరుకుంటుంది.

నీ ఆడబిడ్డ,
నిరోష


తార్నాక
9 జూలై 1996

మా ఇంటి పంతులమ్మకు,

తిట్లు తిన్నాను. నీ వాటా కూడా నేనే తిన్నాను. మీ అన్నయ్య నాగేష్ మాత్రం "పక్క గల్లీకి పోస్టేంది" అని డ్యూటీకి పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ముందు నీ తెలుగు సంగతి. ఛత్రము, పటలికలు, సిద్ధబీజములు అని రాశావు. ఇంట్లో ఇన్నేళ్లు నీతో మాట్లాడాను, నీ కడుపులో ఇన్ని మాటలున్నాయని ఎప్పుడూ అనుమానం రాలేదు. గొడుగు, గొడుగు కింది రేకులు, రేకుల్లోంచి రాలే పొడి అని రాస్తే మీ సార్ నీ డిగ్రీ వెనక్కి తీసుకుంటారా? మొదటి పేజీ మూడుసార్లు చదివాక గానీ అది పుట్టగొడుగు గురించి అని నాకు తెలియలేదు.

సరే, రెండో పాఠం అభ్యాసం చేశాను. తెంపకూడదు, కాడ అడుగు దాకా తవ్వి తీయాలి అన్నావు కదా. మీ అన్నయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని, గొడుగు వేసుకుని, మైదానం పక్కన గడ్డిలో కూర్చున్నాను. ఎదురింటి బిక్షపతి గోడ మీది నుంచి తొంగి చూసి "ఏంది టీచరమ్మా, గాడ ఏమన్న పాతిపెట్టిన్రా?" అని అడిగాడు. పాతిపెట్టింది నా పరువు అని చెప్పాను. తవ్విన దానికి అడుగున పొడుగు వేరు లేదు, చిన్న ఉల్లిగడ్డలా ఉబ్బి అక్కడే ఆగిపోయింది. కాడకు మెత్తటి ఉంగరం ఉంది, వేలితో అంటే పైకీ కిందికీ కదిలింది. పుట్ట మీది మంచిదానికి లోపలి దాకా పోయే వేరుంటుందని నీ పాఠం చెప్పింది కాబట్టి ఇది అది కాదు అని రాశాను. బొమ్మ కూడా గీశాను. చూసి నవ్వకు, అది పుట్టగొడుగే.

అత్తమ్మకు మాత్రం నీ చదువు మీద చాలా కోపంగా ఉంది. "బుడ్డదాన్ని ఉన్నప్పటి సంది పుట్టకొక్కులు తెంపుతున్న. కండ్లతోని చూస్తె తెల్వదా? దానికి కాయిదాలేంది, స్క్రూడ్రైవరేంది?" అంటుంది. నీ బిడ్డే రాసింది అత్తమ్మా అన్నాను. "అది నా ఎంబడి తిరిగి నేర్చుకున్నది, ఇప్పుడు నాకే నేర్పుతదా" అంది. పైకి కోపం గానీ, పాఠం మీద నీ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. కాసేపు అక్కడే వేలు ఉంచింది.

మూడో పాఠం మనుషుల తెలుగులో పంపు.

మీ వదిన,
రాజశ్రీ


ఉస్మానియా క్యాంపస్
17 జూలై 1996

వదినా,

నీ ఉత్తరం సార్‌కు చూపించాను. నన్ను ఎగతాళి చేసిన చోటల్లా ఆయన ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన "కరెక్ట్" అని రాశారు. గొడుగు, రేకులు, పొడి అని మొత్తం మార్చేశాను. నీకు పది మార్కులకు తొమ్మిది. ఒకటి బొమ్మకు కోశాను. అది పుట్టగొడుగు కాదు, సైకిల్ పంపు.

మూడో పాఠం అన్నిటికంటే ముఖ్యమైనది. లేతగా ఉన్నప్పుడు మంచివీ చెడ్డవీ రెండిటికీ రేకులు తెల్లగానే ఉంటాయి, కంటికి తేడా దొరకదు. రేకుల్లోంచి రాలే పొడి రంగు మాత్రం అబద్ధం చెప్పదు. మైదానంలోంచి బాగా విచ్చుకున్నవి నాలుగు తవ్వి తీసుకురా. పడుకునే ముందు గొడుగును కాడ నుంచి కోసి, రేకులు కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద పెట్టు. గాలి తగలకుండా పైన గిన్నె బోర్లించు. తెల్లారి గిన్నె తీస్తే కాగితం మీద ముగ్గు వేసినట్టు ముద్ర పడి ఉంటుంది. పుట్ట మీది మంచిదానికి లేత గులాబి రంగు పడుతుంది. గులాబి పడగానే వండుకోమని కాదు, అది ఐదో పాఠంలో చెప్తాను. ఆకుపచ్చ పడిందంటే మాత్రం అనుమానమే లేదు, అది తినకూడనిది.

ముద్రలు పడ్డ కాగితాలు మడవకుండా పంపు. కమిటీకి చూపించాల్సింది అవే. సార్ నీ మీద ఎంత ఆశ పెట్టుకున్నారంటే, నన్ను పిలవాల్సినప్పుడు కూడా రాజశ్రీ అనే పిలుస్తున్నారు.

నిరోష


తార్నాక
27 జూలై 1996

నిరోషకు,

మూడో పాఠం అభ్యాసం పూర్తయింది. నాలుగు నమూనాలు తీసుకున్నాను. నాలుగు కాగితాలూ జతచేశాను. నాలుగింటి మీదా ఆకుపచ్చ రంగే పడింది. తినకూడనివి అని నా జవాబు. పాఠంలో భాష బాగుంది, అర్థం కానిది ఏమీ లేదు.

ఇక్కడ అందరం క్షేమం.

రాజశ్రీ


ఉస్మానియా క్యాంపస్
1 ఆగస్టు 1996

వదినా,

పదికి పది! ముద్రలు ఎంత చక్కగా పడ్డాయంటే సార్ వాటిని అద్దం కింద పెట్టి స్టాఫ్ రూమ్ అంతా తిప్పారు. కమిటీకి ఇవి చాలు, మిగతా మూడు పాఠాలు లాంఛనమే అన్నారు. నేను మెస్‌లో అందరికీ మిఠాయి పంచాను.

ఇంతవరకు నిన్న రాశాను. ఇవాళ నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. అందులో ఒక్క తిట్టు లేదు. నా తెలుగు బాగుందట. నువ్వా ఈ మాట అనేది? సైకిల్ పంపు అన్నందుకు నువ్వు కనీసం రెండు పేజీలు దులిపేస్తావని చూశాను. అమ్మ ఏమందో రాయలేదు. అన్నయ్య మాట లేదు. కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టినట్టు రాశావు.

ఏమైంది వదినా? నా మీద కోపమా, ఒంట్లో బాగాలేదా? ఈసారి జవాబులో ఒక్క తిట్టైనా కనిపించకపోతే షరతు సంగతి తర్వాత చూసుకుందామని బయల్దేరి వచ్చేస్తాను.

నిరోష


తార్నాక
6 ఆగస్టు 1996

నిరోషా,

చెప్పకూడదని అత్తమ్మ తన మీద ఒట్టు వేయించుకుంది. అయినా చెప్తున్నాను. కూర్చుని చదువు. ముందే చెప్తున్నాను, ఇప్పుడు అంతా బాగుంది.

నువ్వు రాసినట్టే నాలుగు కాగితాల మీద నాలుగు పెట్టి, వంటింటి గట్టు మీద నాలుగు గిన్నెలు బోర్లించాను. పొద్దున్నే నల్లా నీళ్లు వచ్చాయని బిందెలు పట్టుకుని కిందికి పోయాను. తిరిగి వచ్చేసరికి అత్తమ్మ పీట మీద కూర్చుని రొట్టె తింటున్నది. రొట్టెలో కూర. గట్టు మీద గిన్నెలు కడిగి పెట్టి ఉన్నాయి, కాగితాలు నాలుగూ ఉప్పు డబ్బా కింద సర్ది ఉన్నాయి. "కోడలా, పుట్టకొక్కులు మూసి పెట్టినవు గని వండుడు మర్చినవు. నేనే వండిన" అంది.

మన ఇంట్లో గిన్నె బోర్లించి ఉందంటే కింద తినేది ఉందని కదా అర్థం. బల్లి పడకుండా మనం మూసేది అట్లాగే. ఆమె తప్పేముంది? నేను ఉప్పు డబ్బా కింద నుంచి కాగితం లాగి చూశాను. ఆకుపచ్చ. నీ పాఠం నాకు అంత బాగా వచ్చింది నిరోషా, ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అప్పటికే సగం రొట్టె అయిపోయింది. చేతిలోది లాగేశాను. నన్ను తిట్టింది. మధ్యాహ్నం కాకముందే వాంతులు మొదలయ్యాయి. ఇంత మనిషి దారపు పోగులా అయిపోయింది. ఆటోలో తీసుకుపోతుంటే నా ఒళ్లో పడుకుని "పిల్లకు చెప్పకు, పరీక్ష ఖరాబైతది" అన్నది. అది నీ పరీక్ష కాదు, నా పరీక్ష అని కూడా చెప్పలేకపోయాను.

మిగిలిన కూర, కాగితం డాక్టరుకు చూపించాను. ప్రాణానికి భయం లేదన్నాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు మజ్జిగన్నం తిని, ఆసుపత్రి మజ్జిగ బాగాలేదని నర్సుతో గొడవ పెట్టుకుంది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

జవాబు పత్రంలో ఎవరైనా తిన్నారా అని నువ్వు అడగలేదు. అందుకే నేను అబద్ధం రాయలేదని నాకు నేను చెప్పుకున్నాను. చెబితే నీ పాఠాలు ఆగిపోతాయి. చెప్పకపోతే ఇంకో ఇంట్లో ఇంకో అత్తమ్మ గిన్నె తీస్తుంది. పది రోజులుగా ఈ రెండింటి మధ్య నాకు అన్నం సయించడం లేదు. ఇక నువ్వే తేల్చు.

తిట్టు అడిగావు కదా. నీ పాఠంలో ఇల్లు అనేది ఒకటి ఉంటుందని, అందులో మనుషులు తిరుగుతారని రాయడం మర్చిపోయావు. తెలివితక్కువ పంతులమ్మా.

రాజశ్రీ


ఉస్మానియా క్యాంపస్
20 ఆగస్టు 1996

వదినా,

ఆ రోజు నీ ఉత్తరం చదివి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తి వచ్చాను. అమ్మ నన్ను చూసి ఏడుస్తుందనుకుంటే, "గిట్ల బక్కగైనవేంది" అని నాకే అన్నం పెట్టింది. ఆమె పక్కన కూర్చుని నేను తినలేకపోయాను. నేను రాసిన పాఠం మా అమ్మను ఆసుపత్రిలో పడేసింది వదినా. నీ ముందు ఏడవలేదు గానీ వీధి మలుపు తిరిగాక ఏడ్చాను.

మర్నాడే సార్‌కు అంతా చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. నీ ముద్రలు ఇంకా అద్దం కిందే ఉన్నాయి. ఆయన అద్దం పైకెత్తి వాటిని ఒక్కొక్కటే బయటికి తీశారు. తర్వాత, "పాఠం తప్పు కాదమ్మా, ఎవరి కోసం రాశామో వాళ్లను మర్చిపోయాం" అన్నారు. ఎప్పుడూ పుట్టగొడుగు ముట్టని టీచరుకు నేర్పడం తేలిక. నాకు అన్నీ తెలుసు అనుకునే మనిషికి నేర్పగలమా అన్నదే అసలు పరీక్ష అన్నారు. సార్ చెబితే కమిటీ వాళ్లు కూడా అదే పట్టు పట్టారు. ఏళ్ల తరబడి పుట్టగొడుగులు ఏరుకుని తిన్న మనిషి ఎవరైనా ఈ పాఠాలు నేర్చుకుని పరీక్షకు కూర్చోవాలి. ఆ మనిషి పాసైతేనే అచ్చు. లేకపోతే సెప్టెంబరుతో ప్రాజెక్టు, నా ఉద్యోగం రెండూ ముగుస్తాయి. నేను దగ్గర ఉండకూడదన్న షరతు మళ్లీ మొదలు. పాఠం నువ్వు చదివి వినిపించవచ్చు, అంతవరకే.

మూడో పాఠం మార్చి రాశాను, మిగతా మూడు పాఠాలతో కలిపి ఇందులో పెట్టాను. ముద్ర వేసే గిన్నె వంటింట్లో పెట్టకూడదు. ముట్టుకోవద్దని చీటీ అంటిస్తే చాలదు, అమ్మకు చదవడం రాదు కదా. అందుకని, బోర్లించిన గిన్నె మీద ఒక పాత చెప్పు పెట్టండి అని రాశాను. చదువు వచ్చినా రాకపోయినా మన ఇళ్లల్లో చెప్పు కింది దాన్ని ఎవరూ వండరు. సార్ మొదట ముఖం చిట్లించారు, తర్వాత ఉంచమన్నారు.

జవాబు పత్రంలో ఇంకో గడి చేర్చాను. తినొచ్చు, తినకూడదు, వాటి పక్కన తెలియదు. ఆధారం సరిపోనప్పుడు తెలియదు అన్నదే సరైన జవాబు, దానికే ఎక్కువ మార్కులు.

గోల్నాకలో బుచ్చవ్వ ఏటా ఏరుకుంటుందని అన్నావు కదా. ఆమెను బతిమాలి కూర్చోబెట్టు. అమ్మను మాత్రం అడగకు. ఆమె చేతిలో మళ్లీ పుట్టగొడుగు చూడలేను.

నిరోష


తార్నాక
22 సెప్టెంబరు 1996

మా పిరికి పంతులమ్మకు,

ఇన్ని రోజులు ఉత్తరం రాయనందుకు నన్ను తిట్టుకుని ఉంటావు. కావాలనే రాయలేదు. రాస్తే నువ్వు వద్దంటావు.

బుచ్చవ్వను అడిగాను. "నాకు పరీక్ష పెట్టేటోడు ఇంక పుట్టలే" అని తలుపు వేసుకుంది. లాలాపేట్‌లో ఇంకో ఇద్దరిని అడిగితే నవ్వి పంపించారు. నేను పరేషాన్ అయి ఇంటికి వచ్చి మీ అన్నయ్యతో చెప్తుంటే, గోంగూర ఏరుతున్న అత్తమ్మ తల ఎత్తకుండా "నేను కూసుంట" అంది. మీ అన్నయ్య వద్దంటే వద్దన్నాడు. "మళ్ల ఎవలన్న తిని నా తీర్గ పడుకుంటె నా బిడ్డ రాసిన చదువు దేనికి?" అని ఆయన నోరు మూయించింది. పోయి నీ పాఠాలు తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

రోజూ బడి నుంచి వచ్చాక చదివి వినిపించేదాన్ని. ప్రతి వాక్యానికీ నువ్వు ఎదురుగా ఉన్నట్టే కొట్లాడింది. వేరు చూడాలి అంటే "గది నేనే చెప్పిన దానికి" అంది. కాడ ఉంగరం అంటే "మా దిక్కు గిసుంటివి లేకుండె" అంది. ముద్ర వేసే పాఠం వచ్చినప్పుడు మాత్రం కొట్లాడలేదు. తన చెప్పే తెచ్చి గిన్నె మీద పెట్టింది. తెల్లారి నన్ను లేపి, తన చేత్తో గిన్నె ఎత్తి, ఆ ఆకుపచ్చను చాలాసేపు చూసింది. "గిదేనా" అని ఒక్క మాట అడిగింది. ఇదే అన్నాను.

నిన్న మీ డిపార్ట్‌మెంట్ నుంచి శామ్యూల్ సార్ బుట్ట పట్టుకుని పరీక్షకు వచ్చాడు. అయిదు పుట్టగొడుగులు, పక్కన ముద్రల కాగితాలు వరసగా పెట్టాడు. నాకు బడిలో ఇన్‌స్పెక్షన్ అప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. అత్తమ్మ మొదటి నాలుగూ తిప్పి చూసి, వాసన చూసి, కాగితం చూసి టకటకా చెప్పేసింది. నాలుగూ సరిపోయాయి. అయిదోదానికి కాడ లేదు, ముద్ర కాగితం కూడా లేదు. ఒట్టి గొడుగు, అంచులు వాడిపోయాయి. చేతిలోకి తీసుకోగానే అత్తమ్మ ముఖం విచ్చుకుంది. ఆమెకు అది తెలిసిన వాసనే. తన అమ్మమ్మ ఊరు వాసన అని నాకు మెల్లగా చెప్పింది కూడా.

"దీని కాడేది సారూ?" అని అడిగింది. దొరికింది ఇంతే అమ్మా అన్నాడు. "ముద్ర?" లేదమ్మా అన్నాడు. మళ్లీ తిప్పి చూసింది. నేను బిక్షపతి ఇంటి గోడ వంక చూస్తూ నిలబడ్డాను, ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేక. నీ ఉద్యోగం, నీ పాఠాలు, అన్నీ ఆ వాడిపోయిన గొడుగు మీదే ఉన్నాయి.

అత్తమ్మ దాన్ని బుట్టలో పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. "తెల్వదు" అంది. శామ్యూల్ సార్ పెన్ను తీసేలోగా ఇంకోసారి గట్టిగా చెప్పింది. "నాకు తెల్వదు సారూ. తెల్వనిది నా ఇంట్ల వండ."

అది నిజంగా పుట్ట మీది మంచిదేనట. శామ్యూల్ సార్ తర్వాత చెప్పాడు. చెప్పినా అత్తమ్మ దాన్ని ఇంట్లో ఉంచనివ్వలేదు. అయిదుకు అయిదు వేసి సంతకం పెట్టి, పాఠాలు ఇక అచ్చుకు పోతాయి, మీ ఆడబిడ్డకు చెప్పండి అని ఆయన చాయ్ తాగి వెళ్లాడు.

ఇక షరతు లేదు, వచ్చే ఆదివారం వచ్చి మీ అమ్మ పక్కన కడుపునిండా తిను. నాకు మాత్రం ఒక సాయం చెయ్యి. మీ వెంకటనర్సయ్య సార్‌కు నా దండాలు చెప్పు. తొమ్మిదేళ్లయింది నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి, మా అత్తమ్మ నోట తెల్వదు అన్న మాట వినడం ఇదే మొదటిసారి.

మీ వదిన,
రాజశ్రీ